తియ్యి

వడ్రంగి భార్యను చంపింది ఆమె తమ్ముడే. కాగితాల మీద ప్రమాదమని రాశారు. రాసినవాళ్ళకేం, పెళ్ళాం పోయింది వాళ్ళకు కాదు.

ఆ తమ్ముడే ఇప్పుడు కర్రసామాన్ల కార్ఖానా పెరట్లో నిలబడి, వడ్రంగితో పాటు పనిచేసే పదిమందికీ ప్రాణాలు కాపాడుకోవడం నేర్పుతున్నాడు. కరెంటు పనివాడు. అక్క పోయినప్పటి నుంచి, ఏడాదిగా, పని మానుకుని మరీ ఇలా తిరుగుతున్నాడు. అతని ముందు బల్ల మీద ఇసుక పోసిన ఇనప పళ్ళెం, అందులో పొట్ట ఉబ్బిన ఫోను బ్యాటరీ.

"ఇలా ఉబ్బితే ఛార్జింగు పెట్టొద్దు. గుచ్చొద్దు, కొట్టొద్దు. మంచం మీద, మంచం కింద ఏ బ్యాటరీ పెట్టొద్దు. ఒకసారి అంటుకుందా, ప్లగ్గు పీకినా ఆగదు. ముందు మనుషులు బయటపడాలి."

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా?" వెనకనుంచి అడిగాడు వడ్రంగి. "మీ అక్క కాలిపోతుంటే చూసి నేర్చుకున్నావా?"

నవ్వబోయినవాడొకడు నోరు మూసుకున్నాడు.

"ఊరుకోవయ్యా, తిండి వేళ గొడవేంటి?" అన్నాడు మేస్త్రి.

"ఏడాది ఊరుకున్నా."

వడ్రంగి చేతిలో కొయ్యసుత్తి ఉంది. మొదటి దెబ్బకు బావమరిది నుదురు చిట్లి, నెత్తురు కంట్లోకి కారింది. రెండో దెబ్బకు భుజం ఎముక చప్పుడు చేసింది. అతను చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. అది చూసి వడ్రంగికి ఇంకా ఒళ్ళు మండింది. మూడో దెబ్బ గురి తప్పి పళ్ళెంలో పడింది.

బ్యాటరీ బుసకొట్టింది. తెల్లటి పొగ, వెంటనే మంట. వడ్రంగి కుడిచెయ్యి మణికట్టు దాకా అందులోనే ఉంది.

"దూరం జరగండి! పొగ పీల్చకండి!"

బావమరిది బల్లను ఖాళీ జాగాలోకి తన్నేసి, అరుస్తున్న బావను జబ్బ పట్టి కుళాయి దగ్గరికి ఈడ్చుకుపోయాడు. ఎవరో టూత్‌పేస్టు పట్టుకొస్తే కసిరాడు.

"అవతల పారెయ్! ఏదీ పుయ్యొద్దు, ఐసూ వద్దు. ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళు, అంతే."

అరచేతి తోలు ఊడి నీళ్ళలో వేలాడుతోంది. వడ్రంగి పళ్ళు పటపట కొరికాడు.

"చెయ్యి వాస్తుంది. వాచీ తియ్యి, బావా."

తియ్యి.

ఆ మాటకు ఇద్దరూ బిగుసుకుపోయారు. బావమరిదే మెల్లగా వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు.

"అక్క కూడా అదే అంది. వెనక కిటికీ ఊచలు పట్టుకుని, 'తియ్యరా, తియ్యి' అని. ఏం తియ్యమందో చెప్పలేదు."

"తలుపు తియ్యమందిరా, దద్దమ్మా! నువ్వెళ్ళి ఫ్యూజు తీశావ్."

"ఫోను చేసింది నువ్వే కదా? 'మీ అక్క గదిలో గడియ పెట్టుకుని కూచుంది, వచ్చి బుద్ధి చెప్పు' అన్నావ్. వచ్చేసరికి గదిలో మంట. లోపలి గడియ బయటనుంచి నేనెలా తీస్తాను? అందుకే మంట కరెంటుదేమో అనుకున్నా, మంచం కింద బ్యాటరీదని తర్వాత తెలిసింది. మీటరు దగ్గరికి పరిగెత్తా. తిరిగొచ్చేసరికి నువ్వు గొడ్డలితో తలుపు నరికేస్తున్నావ్."

"నరికా. అప్పటికే అయిపోయింది."

"గడియ తనే ఎందుకు తీసుకోలేదు బావా? కళ్ళు కనబడలేదా? చేతులు కాలిపోయాయా? ఏడాదిగా బుర్ర పగిలిపోతోంది." నుదుటి నెత్తురు తుడుచుకోకుండానే అడిగాడు. "నావల్లే పోయిందంటావా, చచ్చేదాకా మోస్తా. కాదంటావా, ఒక్కరోజు కంటినిండా నిద్రపోతా. ఏదో ఒకటి నీ నోటితో చెప్పు."

వడ్రంగి కుళాయి ధారకేసి చూస్తున్నాడు. ఆ తలుపు చేసింది తనే, గడియ బిగించిందీ తనే. భార్యను సాగనంపిన మర్నాడే చెక్కలన్నీ పొయ్యిలో పెట్టేశాడు. గడియ మాత్రం కాలలేదు. పనిముట్ల సంచి అడుగున గుడ్డలో చుట్టి ఉంది.

"ఇరవై నిమిషాలైంది. ఆసుపత్రికి పదండి," అన్నాడు మేస్త్రి.

బావమరిది శుభ్రమైన గుడ్డ తడిపి, వదులుగా చుట్టాడు.

"చెప్పు బావా."

"నీవల్లే పోయింది," అన్నాడు వడ్రంగి. "ఇక ఆ మాట నా దగ్గర ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను."

బావమరిది తల ఊపి, బావకు దెబ్బ తగలని భుజం ఆసరా ఇచ్చాడు.

ఆ తలుపుకు లోపలివైపు గడియే లేదు.