కోపం ముఖం కింద కార్డు

"ఆ కార్డు తీసి నవ్వు ముఖం కింద పెట్టించండి. తనిఖీవాళ్లు మెట్లెక్కుతున్నారు," అంది హెడ్‌మిస్ట్రెస్, గొంతు తగ్గించి.

మూడో తరగతి గోడ మీద నాలుగు ముఖాల బొమ్మలున్నాయి. మనసెలా ఉందో దాన్నిబట్టి పిల్లలు రోజూ తమ పేరున్న కార్డును వాటి కింద పెట్టాలి. అందరి కార్డులూ నవ్వు ముఖం కిందే ఉన్నాయి. కోపం ముఖం కింద ఒక్కటే ఉంది. దాన్ని రెండు చేతులతో అదిమిపట్టి ఎనిమిదేళ్ల పిల్ల నిలబడింది.

టీచరు ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఎవరి మీదమ్మా కోపం?"

"మీ మీదే."

టీచరు కంగుతింది. "నేనేం చేశాను తల్లీ?"

"నిన్న పక్క బెంచీది నా బొమ్మ చింపేసింది. దానిచేత సారీ చెప్పించారు. నాతో 'పర్లేదు' అనిపించారు. నాకు పర్లేదని మీకెవరు చెప్పారు? వారం రోజులు వేశాను ఆ బొమ్మ!"

రెండు నిమిషాల్లో గొడవ సర్దేశానని టీచరు నిన్న ఎంత మురిసిపోయింది! మనసు విప్పడం నేర్పుతున్నాననుకుంటూ, నోరు మూసుకోవడం నేర్పింది.

హెడ్‌మిస్ట్రెస్ విసుగ్గా కార్డు మీద చెయ్యి వేయబోయింది. టీచరు లేచి అడ్డం నిలబడింది.

"ముట్టుకోకండి మేడమ్. అది అక్కడే ఉంటుంది."

"వాళ్లడిగితే ఏం చెబుతారు?"

"తప్పు నాదని చెబుతాను."

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. టీచరు అటు తిరగలేదు.

"నిన్న నువ్వు ఏమనాలనుకున్నావో, అది ఇప్పుడను," అంది పిల్లతో.

పిల్ల గోడ మీంచి చేతులు తీసి నడుం మీద పెట్టుకుంది. పక్క బెంచీ వైపు తిరిగి, గదంతా వినబడేలా మొదలుపెట్టింది.