గీత కొంచెం జరపండి సార్

"నా ఇల్లును పక్క వార్డుల పడెయ్యుండ్రి సార్," అంది నాగమణమ్మ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

కైలాసం తలెత్తాడు. నగరాన్ని కొత్త వార్డులుగా కోసే పనిలో, కోత పడ్డవాళ్ల కూతలు వినే అధికారి ఆయన. పాతబస్తీకి కొత్త. ఊరి ఆ చివర నుంచి ఈ పని కోసమే వచ్చాడు. డివిజన్లు గీయడానికి విజన్ ఎందుకు, స్కేలు చాలదా అనుకునే రకం. గౌలిపురాను ఆయన చూసింది కంప్యూటర్లోనే. అందులో గల్లీలు సేమ్యాల్లా కనిపించాయి. సేమ్యా మీద గీత గీస్తే ఎవరికి నొప్పి?

నొప్పి పొద్దుటి నుంచీ వరుస కట్టింది. ఒకాయన దుకాణం ఈ వార్డులో పడింది, గోదాం ఆ వార్డులో పడింది. ఇంకొకాయనకు గీత నచ్చింది గానీ వార్డు పేరు నచ్చలేదు. అందరికీ ఒకటే జవాబు. రూలు ప్రకారం హద్దు రోడ్డు మధ్యలోంచే పోతుంది. ఎవరి కోసమూ వంగదు. వంగితే అది గీత కాదు, మెలిక.

నాగమణమ్మ ఇల్లు గల్లీకి ఇటువైపు ఉంది. అటువైపు ఇళ్లన్నీ పక్క వార్డులోకి పోయాయి. ఆమెకూ రూలే చెప్పబోయి ఆగాడు. ఆసుపత్రిలోనైనా వార్డు మార్చే ముందు రోగమేమిటో అడుగుతారు కదా. అడిగాడు.

రోగం మోరీకి. తాతల నాటి నుంచి ఇంటి ముందరి అరుగు మీద పాలు, పెరుగు అమ్ముకునే కుటుంబం వాళ్లది. వానలు పడ్డప్పటి నుంచి మోరీ పొంగి మురుగంతా అరుగు కింద మడుగు కట్టింది. పెరుగు కోసం గిన్నె పట్టుకుని వచ్చినవాళ్లు ముక్కు పట్టుకుని వెనక్కి పోతున్నారు. అమ్ముడుపోని పెరుగు పులిసిపోతోంది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే నడిస్తే కుండలు బోర్లించి కూర్చోవడమే. మోరీ మొర వినే నాథుడు లేడు.

"మరి మీ కార్పొరేటర్ ఏం చేస్తున్నడు?"

ఆ మాట వినగానే నాగమణమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. గొంతు తగ్గించింది.

"ఆయనకు తెల్వదా సార్. దినాం మా గడప ముందటి మోరీ దాటుకునే పోతడు. ప్యాంటు మీదికి పట్టుకొని దుంకి పోతడు."

ఈమెది పాల వ్యాపారం, ఆయనది పాలన వ్యాపారం. నీళ్లెక్కువ రెండోదాంట్లోనే అనుకున్నాడు కైలాసం. పైకి మాత్రం, దుంకేటప్పుడు ఆపి అడగొచ్చు కదా అన్నాడు.

అడగలేనంది. ఆయన ఎదుట నిలబడే అలవాటే లేదట. అడుగుల చప్పుడు వినపడితే తలుపు చాటుకు పోతుందట. పోనీ పేరైనా చెప్పమంటే, ఆయన పేరు తన నోట పలకనంది.

కైలాసానికి ఒళ్లు మండింది. ఆడమనిషిని ఇంతలా బెదరగొట్టాడంటే వాడు కార్పొరేటరా, కార్పొరౌడీనా? ఆ పదవిలోనే రేటు ఉంది కదా అన్న అనుమానం కూడా వచ్చింది. మీ దగ్గర ఏమైనా గుంజుతున్నాడా అని అడిగాడు.

"గుంజుడేంది సార్, మేమే పెడ్తం. దసరాకు బట్టలు పెట్టినం. గడ్డ పెరుగు ఆయనకని పక్కకు తీసి పెడ్తం. మొన్న బండి గావాలన్నడు. బండి గూడ ఇప్పిచ్చినం."

"బండి కూడానా? ఎందుకిచ్చారమ్మా?"

"ఇయ్యకుంటే ఇంట్ల లొల్లి సార్."

కైలాసం పెన్ను కింద పెట్టాడు. మామూళ్లు మామూలే. కానీ ఇంట్లో దూరి లొల్లి చేసి బండి వసూలు చేసే మామూలును ఆయన సర్వీసులో ఎక్కడా చూడలేదు. లంచగొండులను పట్టే శాఖలో తనకు తెలిసినవాళ్లున్నారని, ఇప్పుడే ఫోన్ చేస్తానని సెల్లు తీశాడు. నాగమణమ్మ ఆయన చేతులు పట్టుకున్నంత పని చేసింది.

"గంత పని జెయ్యకుండ్రి సార్. గల్లీల మా ఇజ్జత్ పోతది."

తినేది వాడైతే ఇజ్జత్ పోయేది ఈమెదా? కైలాసం లేచి నిలబడ్డాడు. ప్రజాస్వామ్యమంటే ఏమిటో ఆమెకు విడమరచి చెప్పాడు. ప్రజలే ప్రభువులన్నాడు. ఓటేసిన చేత్తోనే చొక్కా పట్టుకుని నిలదీయొచ్చన్నాడు. ఆమె చెంపలు వేసుకుంది.

"రామ రామ. ఆయన కాళ్లు గడిగిన చేతులు సార్ ఇవి."

నాయకుల ఫోటోలకు పాలాభిషేకాలు జరగడం ఆయన చూశాడు. ఏకంగా కాళ్లకే జరుగుతుందని తెలియదు. పాలామె కదా, పాలతోనే కడిగి ఉంటుంది.

ఆ క్షణాన రూలు కరిగిపోయింది. కైలాసం కంప్యూటర్ ముందుకు జరిగాడు. రోడ్డు మధ్యలోంచి నిటారుగా పోతున్న గీతను పట్టి లాగి, నాగమణమ్మ ఇంటి వెనక నుంచి తిప్పి మళ్లీ రోడ్డెక్కించాడు. గీతలో పడ్డ మెలికను చూస్తే, ఒక బానిసకు విముక్తి ఇచ్చినంత తృప్తి కలిగింది.

నమస్కారం పెట్టి వెళ్లబోతున్న ఆమెను ఎందుకో ఆపాడు.

"అంతా బాగానే ఉందమ్మా. పక్క వార్డాయన మాత్రం మోరీ బాగు చేయిస్తడని ఏం నమ్మకం?"

నాగమణమ్మ మొదటిసారి నవ్వింది. నెత్తిమీది కొంగు తీసి నడుముకు చుట్టింది.

"చేయించకుంటే ఆయన వాకిట్ల నిలబడి ఏడు తరాలను తిట్టొస్త సార్, ఈయనంటే మా ఇల్లుటం అల్లుడాయె."