కంప్యూటర్‌తో పందెం

పందెం ముగిసే రోజు పొద్దున గుమాస్తా జిలాని బాషా ఓ హోటల్లో బొరుగుల ఉగ్గాని ముందు పెట్టుకుని తినలేక కూర్చున్నాడు. ఎదురుగా ప్రోగ్రామర్ గురురాజ బజ్జీ తుంచుతున్నాడు కానీ అతనికీ సహించడం లేదు.

ఇద్దరూ ఆదోనిలో వీరన్న షావుకారు పత్తి మిల్లు మనుషులే. రెండేళ్ల కింద, ఎనభై నాలుగులో, మిల్లు ముందు లారీలోంచి పెద్ద పెద్ద పెట్టెలు దిగాయి. కంప్యూటర్ వచ్చిందని ఊరంతా చెప్పుకుంది. అప్పటికి లెక్కల గదిలో నలుగురు గుమాస్తాలు. ఇప్పుడు జిలాని ఒక్కడే. మిగతా ముగ్గురూ సొంత ఇష్టంతోనే మానుకున్నారు. ఆ సొంత ఇష్టం ఎలా పుట్టిస్తారో మిల్లులో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

జిలాని మాత్రం మొండికేశాడు. యూనియన్‌ను వెంటబెట్టుకుని షావుకారు దగ్గరికి వెళ్లాడు. ఈ సీజను పత్తి తూకాల లెక్క తానూ చేస్తాడు, కంప్యూటరూ చేస్తుంది. తన లెక్కలో తప్పు లేకపోయినా, కంప్యూటర్ ఒక్క తప్పు చేసినా, ఉద్యోగం ఉండాలి. తప్పు తనొక్కడిదే అయితే మారు మాట్లాడకుండా వెళ్లిపోతాడు. షావుకారు నవ్వి సరేనన్నాడు. ఆ నవ్వు జిలానికి అప్పుడే నచ్చలేదు.

"మా ఇంటిది హజరా రాత్రి నిద్రే పోల్యా అప్పా. యాబై దాటినోన్ని. ఇంగ నాకు పనిచ్చేటోడు ఎవుడు సెప్పు?" అన్నాడు జిలాని.

గురురాజకు ఇరుకున పడ్డప్పుడల్లా రాజకీయాలు గుర్తొస్తాయి.

"హైదరాబాదోళ్లు రెండు రూపాయలకు బియ్యం ఇస్తాండారు. ఢిల్లీవాళ్లు దేశమంతా కంప్యూటర్లు పెడతామంటాండారు. మా వీధి కొళాయికి నీళ్లు పెట్టేవాడు మాత్రం యాడా కనపడ్డం లేదన్నా."

"నీళ్లు లేకపోతే మీ కంప్యూటర్నే తాపమను" అన్నాడు జిలాని. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

గురురాజకు నలభై నిండకముందే తల సగం నెరిసింది. మద్రాసులో పదేళ్లు ప్రోగ్రాములు రాశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక భార్య దేవకినీ ముగ్గురు పిల్లలనూ తీసుకుని అత్తగారి ఊరు చేరాడు. ఆదోనిలో ప్రోగ్రామర్‌కు ఇంకో ఉద్యోగం దొరకడమంటే సముద్రం లేని ఎమ్మిగనూరులో ఓడ నడిపేవాడికి పని దొరకడమే. ఈ మిల్లు పోతే అతనికి దిక్కు లేదు. అది షావుకారుకూ తెలుసు.

దూది ధూళి పడితే మిషన్ చెడుతుందని కంప్యూటర్ గదిలోకి షావుకారునూ గురురాజనూ తప్ప ఎవరినీ పోనివ్వరు. బయటికి ఏసీ హోరు, దాని చాటున టకటక చప్పుడు వినిపిస్తాయి. సాయంత్రానికి అంచుల్లో చిల్లులున్న కాగితాలు వస్తాయి. ఆయుధపూజకు కూడా తలుపుకే కుంకుమ పెట్టి, గుమ్మడికాయ బయటే కొట్టారు.

"కంప్యూటర్ పనంతా సేస్తాంటే నువ్వెందుకప్పా ఇట్ల సిక్కిపోతాండావు? ఆదివారం గూడా పోతావే!" అని జిలాని ఎన్నోసార్లు అడిగాడు.

"దానికి అన్నీ చెప్పి చేయించాల కదన్నా" అనేవాడు గురురాజ.

ఇవాళ జిలాని అదేమీ అడగలేదు. బల్ల మీదుగా వంగి చేయి పట్టుకున్నాడు.

"ఒక్క తప్పు. యాడన్నా ఒక్క తూకం అటూ ఇటూ రానియ్యి. నీకేం పోతాదప్పా?"

గురురాజకు ఏడుపు ముంచుకొచ్చింది. తల దించుకున్నాడు.

"తప్పొస్తే షావుకారు దాన్నీ ఉంచడు, నన్నూ ఉంచడన్నా. ముందే చెప్పినాడు."

"అట్లనా" అన్నాడు జిలాని. చేయి తీసేశాడు. "నీ పిల్లోల్ల కూడూ, నా పిల్లోల్ల కూడూ ఒగే తట్టలో పెట్నాడు సావుకారి. నువ్వేం సేస్తావులే."

సాయంత్రం మిల్లు వరండాలో యూనియన్ పెద్ద ఆదెప్ప రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చదివాడు. హొళగుంద నుంచి వచ్చిన బండ్ల తూకాలు సరిపోయాయి. ఆస్పరి బండ్లు సరిపోయాయి. జిలాని మొహంలోకి కాస్త రంగు వచ్చింది. అంతలో కైరుప్పల రైతు ఒకాయన తూకం దగ్గర ఆదెప్ప వేలు ఆగింది.

"ఈడ ఒకటి అంకె రాసినావు జిలానన్నా. ఏడు కదా ఉండాల్సింది?"

తూకం చీటీ తెచ్చి చూశారు. ఏడే. సీజనంతటికీ అదొక్కటే తప్పు, అది జిలానిదే. కంప్యూటర్‌ది ఒక్కటీ లేదు.

షావుకారు ఈసారి నవ్వలేదు. అవసరం లేకపోయింది. జిలాని ఎవరూ అడక్కుండానే పెన్ను తీసుకుని రాజీనామా మీద సంతకం చేశాడు. యూనియన్ వాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

వెళ్తూ వెళ్తూ జిలాని కంప్యూటర్ గది మూసిన తలుపు దగ్గర ఆగాడు. అక్కడే నిలబడ్డ గురురాజ భుజం తట్టాడు. ఓడినవాడే ఓదార్చాడు.

"మనిషితో పోటీ అయ్యింటే గెల్సేటోన్నప్పా. మిషన్‌తో ఎవురు గెలుస్తారు?" అన్నాడు.

గురురాజ నోరు తెరిచాడు. వరండా చివర షావుకారు ఇటే చూస్తున్నాడు. నోరు మూసుకున్నాడు.

జిలాని గేటు దాటేదాకా నిలబడి, తర్వాత గురురాజ గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు.

ఉత్త పెట్టెలే తప్ప కంప్యూటర్ ఎన్నడూ లేని ఆ గదిలో టైపు మిషనును పక్కకు జరిపి, రెండేళ్లుగా చేస్తున్నట్టే, ఆనాటి తూకాలను పెన్సిలుతో ఒక్కొక్కటే కూడడం మొదలుపెట్టాడు.