ఆదివారం పడే బ్రేకర్

"ఏందప్పా ఇది! మళ్ళీ పడిపాయె కదా!"

మెట్ల కింద మీటరు బోర్డు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ నారప గొంతు గాంధీనగర్ వీధి చివరిదాకా వినిపించింది. చెప్పులు విడుస్తున్న ప్రశాంత్‌కి చెమటలు పట్టాయి.

తోరణగల్లు స్టీలు ఫ్యాక్టరీలో కరెంటు పని అతనిది. ఆదివారం తప్ప సెలవు లేదు. ఆ ఒక్కరోజూ కూరెకుప్ప నుంచి బస్సెక్కి బళ్ళారి వచ్చి ఈయనతో తిట్లు తింటున్నాడంటే, అది బ్రేకర్ మీద ప్రేమతో కాదు. నారప కూతురు హిమజ కోసం.

మొదటిసారి తీసుకొచ్చింది వివేక్. ఫ్యాక్టరీలో తోటివాడు, ఈ ఇంటి మేడమీద అద్దెకుంటాడు. అతను గీజర్ వేస్తే చాలు, కింద నారప ఇంట్లో షాకు కొట్టకుండా కాపాడే బ్రేకర్ టప్పున పడిపోయేది. ఆయన భార్య నాగలక్ష్మమ్మ చూసే సీరియల్ సగంలో ఆగిపోయేది. గనుల పుణ్యమా అని అద్దెలు ఆకాశాన్నంటిన రోజుల్లో హడావుడిగా లేపిన మేడ అది. పైకి మీటరు వేరే, ఫేజు వేరే; కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ తీగ మాత్రం కింది ఇంటిదానితో కలిపేసి చేతులు దులుపుకున్నారు. పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరితూగకపోతే ఆ బ్రేకర్ క్షణం ఊరుకోదు. ప్రశాంత్ మెట్ల కింది డబ్బా తెరిచి, రెండు న్యూట్రల్ తీగల్నీ విడదీసి, ఏ మీటరుది ఆ మీటరుకి కలిపాడు.

"ఎవరి పిల్లోడివప్పా?" అని ఆరా తీశాడు నారప.

"కూరెకుప్ప జంబన్న మనవణ్ణి."

నారప తెలిసిన ఇల్లే అన్నట్టు తలూపి, లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. తెచ్చింది హిమజ. పెళ్ళిచూపులన్న మాట వింటే చాలు గది తలుపేసుకుంటుందని ఆ అమ్మాయికి పేరు. అలాంటిది పక్కనే నిలబడి ఫేజుకూ న్యూట్రల్‌కూ తేడా ఏమిటని అడుగుతుంటే, ప్రశాంత్‌కి టెస్టర్ ఎటు పట్టుకోవాలో తెలియలేదు. పని ఇంత బాగా ఎందుకు చేశానా అని దారంతా తనని తానే తిట్టుకున్నాడు.

మరుసటి ఆదివారం ఫోను. మళ్ళీ పడింది. డబ్బా తెరిస్తే, విడదీసిన తీగలు మళ్ళీ కలిసి ఉన్నాయి, పైన నున్నగా టేపుతో సహా. ప్రశాంత్ లోలోపల మురిసిపోయాడు. ఇది హిమజ పనే! నోరెత్తకుండా విడదీసి వెళ్ళాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే కథ. మజ్జిగ పోయి టిఫిన్ వచ్చింది, టిఫిన్ పోయి భోజనం వచ్చింది. వాటితోపాటు నారప తిట్లూ పెరిగాయి.

ఈరోజైతే మరీను.

"లారీ తోలే రోజుల్లో రోడ్డు మీద నిలబడి లైట్లకు నేను చుట్టిన వైరు ఏండ్లకేండ్లు నిలిచింది. నీ పని వారం నిలబడదా? రేపు కరెంటు పని చేసే దుర్గప్పను పిలిపిస్తా. నువ్వు ఇంగ రాబల్లే!"

ప్రశాంత్ ప్రాణం ఉసూరుమంది. నారప వరండాలోకి వెళ్ళగానే హిమజ వచ్చింది.

"ఎందుకు కలుపుతాండావు? మీ నాయన నన్ను రావద్దంటాండాడు," అన్నాడు గుసగుసగా.

హిమజ కళ్ళు పెద్దవి చేసింది. "నేనా? మళ్ళీ రావాలని నువ్వే సరిగ్గా చెయ్యకుండా పోతాండావనుకుంటి!"

"మళ్ళీ రావాలనేది నిజమే."

హిమజ ఫక్కున నవ్వింది. "అయితే పోయి మా నాయన్ను అడుగు. నేను తలుపేసుకోనులే."

ప్రశాంత్‌కి ఒళ్ళంతా సంతోషం, దాని వెనకే భయం. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని వరండాలోకి నడిచాడు.

"మామా... హిమజను నాకిస్తారా?"

నారప ఒకసారి లోపలి గుమ్మం వైపు చూశాడు.

"ఆ పిల్ల ఒప్పుకునిందా?"

"ఒప్పుకునింది."

నారప బరువు దించుకున్నవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"అట్లయితే ఇంగ నేను ఆ వైర్లు కలిపే పన్లేదు."