కాలు తీయొద్దు

“తొక్కుండ్రి. మూడుసార్లు. ఇగ గట్టిగ పట్టుకోండ్రి. నేను చెప్పేదాక కాలు తీయొద్దు.”

డ్రైవర్ సీట్లో ఉన్న శ్రావణ్ బ్రేకు పెడల్‌ను అలాగే తొక్కిపట్టాడు. పక్క అద్దంలో, వెనక చక్రం దగ్గర కూర్చున్న మెకానిక్ అమ్మాయి మొహానికి కట్టుకున్న చున్నీ, మోచేతుల దాకా నల్లబడ్డ చేతులు మాత్రమే కనబడుతున్నాయి.

నిన్న ఇందల్వాయిలో బ్రేకు పైపు మార్పించాడు. మార్చినవాడు లోపల చేరిన గాలిని పూర్తిగా తీయలేదు. బోధన్ పొలిమేరకు వచ్చేసరికి పెడల్ బురదలో కాలు పెట్టినట్టు దిగిపోతోంది. ఆలస్యమవుతుందని చెబుదామని పెళ్లికూతురి తల్లి గంగమణికి ఫోన్ చేస్తే, “రోడ్డు మీదనే షెడ్డున్నది. ఆడ సూపించుకొనే రండ్రి,” అంది. పెళ్లిచూపులకు బయల్దేరిన తండ్రీకొడుకులు అలా ఇక్కడ ఆగారు.

తండ్రి బాపురావు స్టూలు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. “పెళ్లిచూపులకు లేటైతున్నది. మగ మెకానిక్ ఎవరు లేరా? ఆడపిల్లతోని అయ్యే పనేనా ఇది?”

“బాపూ, జర ఊకో. ఆమె పని ఆమెను చేసుకోనీ,” అన్నాడు శ్రావణ్.

స్పానర్ ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. సన్నటి గొట్టంలోంచి సీసాలోకి ఆయిల్, దాంతోపాటు బుడగలు దిగాయి.

“పిల్ల ఏం చేస్తదంట?” వెనక నుంచి అడిగింది.

“సొంత వ్యాపారమంట. ఫొటో అడిగితే, వచ్చి సూడమన్నదంట,” అన్నాడు శ్రావణ్.

“పొగరేమో,” అంది ఆమె.

“ఉండనీయండ్రి. నన్ను గూడ ఆమె సూసుకోవాలె గద.”

అంతలో జేబులో ఫోన్ మోగింది. శ్రావణ్ ఉలిక్కిపడి కాలు ఎత్తేశాడు.

“తప్పైంది మేడమ్, నేనే కాలు తీసిన. గాలి మళ్ల లోపలికి పోయిందా?”

“పోయింది. దాచకుంట చెప్పినరు, మంచిదే. మళ్ల మొదటి నుంచి.”

బాపురావు తల పట్టుకున్నాడు. శ్రావణ్ ఫోన్ ఆపేసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగు చక్రాలూ అయ్యాయి. చివరి చక్రం దగ్గర బుడగలు ఎప్పుడో ఆగిపోయినా, ఆమె ఇంకో రెండుసార్లు తొక్కించింది. ఎందుకని అతను అడగలేదు.

షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పి చూశాడు. తొక్కితే చాలు, కారు ఎక్కడికక్కడ ఆగుతోంది.

“గంగమణి గారి ఇల్లు ఎటు దిక్కు?”

“రెండో గల్లీ, నీలం గేటు. నిమ్మలంగ పోండ్రి.”

“ఇంకేం నిమ్మలం? గంట లేటైంది,” విసుక్కుంటూ కారెక్కాడు బాపురావు. “పాపం, పిల్ల తయారై ఎంతసేపటి నుంచి కూసున్నదో.”

ఆమె చున్నీ విప్పి మొహం తుడుచుకుంది.

“ఎక్కడిది మామా, నేనింక స్నానమే చెయ్యలే.”