సూట్‌కేసుతో ఒక చుట్టు

పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న పశువుల తొట్టిలో బాలయేసు పడుకుని ఉన్నాడు.

రొసౌరా చేతిలోని కాఫీ కప్పు జారి పగిలింది.

జనవరి ఒకటి. అప్పుడే తెల్లవారింది. క్విటో పాతబస్తీలో, సాన్ మార్కోస్ వీధిలో, రాత్రి తగలబెట్టిన పాత సంవత్సరం బొమ్మలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

ఆమె క్రిస్మస్ పాక ముందు మోకరిల్లింది. చెక్క బొమ్మ. గాజు కళ్ళు. ఎడమ కాలి చిటికెన వేలు విరిగి ఉంది.

ఆ వేలు విరగ్గొట్టింది చిన్నప్పుడు తనే. అమ్మ చేత దెబ్బలు తిన్నదీ తనే.

సందేహం లేదు. ముత్తవ్వ నాటి బొమ్మ. పదకొండేళ్ళ కిందట పండగ వారంలో మాయమైన బొమ్మ.

"ఫౌస్తో! ఒరే ఫౌస్తో!"

తమ్ముడు వచ్చాడు. తొట్టి వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు.

"మేడ మీదికెళ్ళి ఆ పెద్దాయన్ని పిలుచుకురా. రాత్రి మనం వీధిలో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే."

ఫౌస్తో కదల్లేదు.

"ఆయన లేడక్కా."

రొసౌరా మెట్లెక్కి చూసింది. గది ఊడ్చి ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. సూట్‌కేసు లేదు. కిటికీ గట్టు మీద తాళంచెవి, పక్కనే లతకుంగ ఊరి బిస్కెట్ల పొట్లం.

ఆ పెద్దాయన, దోన్ సెగుందో, రెండేళ్ళ కిందట అద్దెకి వచ్చాడు. గాలీ వెలుతురూ ఉన్న గది చూపిస్తే వద్దన్నాడు. డాబా మెట్ల పక్కన, ఒకప్పుడు పనిపిల్ల పడుకున్న ఇరుకు గదే చాలన్నాడు.

వారంలో సగం రోజులు ఆయన బస్సుల్లోనే ఉండేవాడు. క్వెంకా, లోహా, రియోబాంబా, ఒతవాలో... దేశం చిన్నదే, ఆయన కాళ్ళకి మరీ చిన్నదైపోయింది.

తిరిగి వచ్చినప్పుడల్లా ఆ ఊరి మిఠాయో, రొట్టో తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టేవాడు.

"ముసలాళ్ళకి సగం టికెట్టేగా! బస్సు దిగితే నష్టమొస్తుందని తిరుగుతున్నారా పెద్దాయనా?" అని రొసౌరా ఎగతాళి చేసేది.

ఆయన నవ్వేవాడు. "ఇంకా చూడాల్సిన ఇళ్ళున్నాయమ్మా."

"ఊళ్ళా, ఇళ్ళా?"

"ఇళ్ళే."

కేకలు విని పక్కింటి ఎన్రికెత పరిగెత్తుకొచ్చింది. పెద్దాయన గదిలో లేడని రొసౌరా చెప్పింది.

"దోన్ సెగుందోనా? రాత్రి నేనే చూశాను కదే! సూట్‌కేసు పట్టుకుని మలుపు తిరుగుతున్నాడు."

"మరి ఆపలేదా?"

"ఎందుకాపుతాను? వీధిలో అందరి చేతుల్లోనూ సూట్‌కేసులే! పన్నెండు కొట్టగానే ఖాళీ పెట్టెతో వీధి చుట్టొస్తే ఏడాదంతా ప్రయాణాలే అని నువ్వూ తిరిగావుగా! 'ఈయనకింకా తిరుగుడు చాల్లేదర్రా!' అని అందరం చప్పట్లు కొట్టాం. నీ తమ్ముడైతే దారిలో తినమని ద్రాక్షపళ్ళు కూడా చేతిలో పెట్టాడు."

అందరూ చుట్టు తిరిగి ఇళ్ళకి వచ్చారు. ఆయన ఒక్కడే రాలేదు. ఆయన పెట్టె ఖాళీది కాదు.

"అంటే ఆనాడు ఎత్తుకెళ్ళింది ఈ ముసలాడేనన్నమాట!" అంది రొసౌరా. "పాపభీతి పుట్టి, తెచ్చి పడేసి పారిపోయాడు."

"మరి ఆ సోయిలా?" అంది ఎన్రికెత.



సోయిలా ఈ ఇంటి పనిపిల్ల. బొమ్మ పోయిన రోజున రొసౌరా ఆమె మూట విప్పించింది. ఏమీ దొరకలేదు. అయినా అందరూ చూస్తుండగా వీధిలోకి గెంటింది. ఆ పిల్లకి కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. ఈనాటికీ వాళ్ళ ఊళ్ళో ఆమెను 'బాలయేసు దొంగ' అనే పిలుస్తారని అటునుంచి వచ్చే కూరగాయలావిడ చెప్పింది.

"వీడి మూలంగా ఒక ఆడపిల్ల ఉసురు పోసుకున్నాను. వదలను." రొసౌరా ఫోన్ అందుకుంది. "పండగపూట బస్సులు ఆలస్యం. ఇంకా కితుంబె బస్టాండులోనే ఉంటాడు."

పోలీసులు పలికారు.

"దొంగ సార్! ముసలాయన. బూడిదరంగు టోపీ, తోలు సూట్‌కేసు. పేరు సెగుందో... ఇంటిపేరా?"

ఆమె ఆగిపోయింది. రెండేళ్ళు తన వంటింట్లో కాఫీ తాగిన మనిషి ఇంటిపేరు తను ఎప్పుడూ అడగలేదు.

"ఒరే, ఆయన ఇంటిపేరేంట్రా?"

ఫౌస్తో వచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఆయన్ని ఆపొద్దక్కా. బొమ్మ తీసింది నేను. తాగుడు కోసం అంబాతో ఊరి సంతలో అమ్మేశాను. నువ్వు సోయిలా మూట విప్పిస్తుంటే ఈ గుమ్మంలోనే నిలబడి చూశాను, నోరు విప్పలేదు. ఈయన వచ్చిన కొత్తలో ఒకరోజు తాగి, ఈయన ముందు అంతా కక్కేశాను. తిట్టలేదు. నీకు చెప్పలేదు. 'ఎవరికమ్మావు?' అని మాత్రం అడిగాడు. వాళ్ళు ఇంకెవరికి అమ్మారో, ఆ తర్వాత ఎవరి ఇంటికి చేరిందో, ఊరూరూ తిరిగి పట్టుకున్నాడు. చివరికి సరుమా ఊళ్ళో ఒక ముసలమ్మ, కథంతా విని ఊరికే ఇచ్చేసిందట. రాత్రి బొమ్మ నా చేతిలో పెట్టి, 'నేను చెబితే నమ్మరు. నువ్వే తొట్టిలో పెట్టి, నీ నోటితో చెప్పు' అన్నాడు. పెట్టాను. చెప్పలేకపోయాను. దొంగ ఇంటిపేరు కావాలంటే మనది రాసుకోమను. ఆయనది తోఅపంత అక్కా. ఆయన సోయిలా వాళ్ళ నాన్న."