పదిసార్లు రాసిన మాట

“గట్టిగా సదువు,” అంటూ అప్పలసూరి నోటుబుక్కు దయానందం ముందుకు తోశాడు.

పోర్టు క్యాంటీన్లో టీ తాగుతున్న గుమాస్తా దయానందం పేజీ చూశాడు. “నువ్వే సదూకోవచ్చుగా బావా?”

“అర్థం కూడా సెప్పాల. అందుకే.”

“ఐ విల్ లుక్ ఆఫ్టర్ హిమ్. పదిసార్లు రాసుంది. లుక్ అంటే సూడ్డం. పక్కన ఆఫ్టర్ సేరితే ఉత్తినే సూడ్డం కాదు, కనిపెట్టుకోనుండడం. ‘అతన్ని నాను సూసుకుంటాను’ అని. రాతెవరిది?”

“మా గౌరీశ్వరిది.”

దయానందం టీ ఊదుకున్నాడు.

అప్పలసూరి ఒళ్ళు ఉడికిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చిన దూలాలను ఓడలోంచి దించే క్రేను అతనిది. కింద నిలబడే ఖలాసీలు చేతులూపడం మాని ఈల వెయ్యాలని ఆ మధ్యే హుకుం జారీ చేశాడు. ఆ రోజు ఈల వేసినా చెవికెక్కలేదు. దూలం గట్టుకు తగిలి, ఖలాసీ పక్కకు దూకి బతికిపోయాడు.

మనసెక్కడుంటుంది మరి! పెళ్ళాం గౌరీశ్వరి రెండు నెలలుగా చర్చి పక్కనున్న సుందర్ రాజ్ మాస్టారి దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటోంది. మాస్టారికి పెళ్ళి కాలేదు, పైగా మాట మెత్తన. ఒళ్ళు మండడానికి అంతకన్నా ఏం కావాలి? అదీగాక ఈ మధ్య చేపల కూరలో ముళ్ళు తీసి మరీ వడ్డిస్తోంది. తప్పు చెయ్యకపోతే ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? గుమ్మం మెట్లకు తెల్లగా సున్నం కూడా పూసింది. పండగా, పబ్బమా? ఎవడొస్తాడని?

డ్యూటీ దిగి ఇంటికెళ్ళగానే నోటుబుక్కు విసిరికొట్టాడు.

“ఎవుడే ఆడు? నువ్వు సూసుకుంటానన్నోడు! మూట కట్టుకో. తగరపువలస బస్సెక్కించేత్తాను. మీ యమ్మకాడికి పో!”

గౌరీశ్వరి ఏడవలేదు. నోటుబుక్కు తీసి దుమ్ము దులిపింది.

“ఆస్పత్రిలో ఆయా పని అడిగాను మావా. రేపు రమ్మన్నారు. ఆ మేట్రనమ్మకి తెలుగు రాదు. నువ్వు పనికొచ్చేత్తే మీ ఆయన్నెవరు సూత్తారని అడిగితే, సెప్పాలి కదా.”

“నన్నా? నన్నొకరు సూసుకోడానికి నాకేటొచ్చిందే?”

అరుస్తూ గుమ్మం దాటబోయి తడబడ్డాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, సున్నం మెట్టు మీద మెల్లగా కూర్చోబెట్టింది.

“నీకు కళ్ళు కనపడ్డం నేదని నాకెప్పుడో తెల్సు మావా.”